శనివారాలు మాత్రమే వచ్చే లోపం

కొండల మధ్య చిన్న ఊరు కాడిల్ క్రీక్‌లో కంప్యూటర్ మొరాయిస్తే జనం తిట్టేది కంప్యూటర్‌ని కాదు, ఆర్విల్ స్టిడమ్‌ని. "ఆర్విల్ ఎక్కడ చచ్చాడు?" అని లైబ్రరీ గుమ్మంలోంచే కేక పెడతారు. ఆర్విల్ నొచ్చుకోడు. నడుం పట్టుకుని లేచి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "ఎప్పట్నుంచి ఇలా?" అని డాక్టరు అడిగినట్టు అడుగుతాడు. వాళ్లూ డాక్టరు దగ్గర చెప్పినట్టే సగం అబద్ధాలు చెప్తారు.

"నేనేం నొక్కలేదు ఆర్విల్. దానంతటదే ఇలా అయింది."

"అవునవును. ఈ పద్నాలుగు పేజీలూ వాటంతటవే తెరుచుకున్నాయి. జరుగు కాస్త."

అతను మొదట్నుంచీ కంప్యూటర్ మనిషి కాదు. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు గనిలో పనిచేశాడు. అందులో చివరి పద్దెనిమిదేళ్లు ఫైర్‌బాస్. షిఫ్ట్‌వాళ్లు గనిలోకి దిగకముందే ఒక్కడూ లోపలికి వెళ్లి, గ్యాస్ చేరిందేమో, పైకప్పు వదులైందేమో మూలమూలా చూసి, చూసిన ప్రతిచోటా సుద్దముక్కతో తేదీ, టైము, తన పేరు పొడి అక్షరాలు రాసి రావడం ఆ పని. ఆ రాత కనబడితేనే మిగతావాళ్లు అడుగు పెట్టేవారు. ఎక్కడైనా లోపం కనబడితే పైకొచ్చి పుస్తకంలో ఎక్కించాలి. దాన్ని సరిచేశాక పక్కన మళ్లీ సంతకం పెట్టాలి. పక్కన సంతకం లేని లోపం ఒక్కటి పుస్తకంలో మిగిలినా ఆ రోజు ఆర్విల్‌కి తిండి సయించేది కాదు.

గని మూతపడ్డాక, పని పోయినవాళ్ల కోసం పెట్టిన ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సులో చేరాడు. ఒక్కో వేలూ రెండు మీటలు నొక్కేంత లావుండేది. అతనితో చేరిన పదకొండుమందీ ఒక్కొక్కరే జారుకున్నారు. ఇతను మాత్రం మొండిగా చివరిదాకా కూర్చున్నాడు. లైబ్రరీ నడిపే గ్లెన్నా ఆ మొండితనం చూసే అతన్ని పనిలో పెట్టుకుంది. మొదటిరోజే ఆర్విల్ ఇంటి నుంచి ఆరు చిన్న పలకలు తెచ్చి ఆరు కంప్యూటర్ల నెత్తిన తగిలించాడు. తలుపులు తెరవకముందే ఒక్కో మెషీన్‌లో మూడేసి పేజీలు తెరిచి, ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసుకుని, పలక మీద సుద్దతో తేదీ, టైము, పొడి అక్షరాలు రాసేవాడు.

"ఇక్కడ కప్పు కూలదండీ ఆర్విల్ గారూ" అని గ్లెన్నా నవ్వేది.

"కూలేదాకా అందరూ అదే అంటారమ్మా" అనేవాడు.

బ్రౌజర్ నెమ్మదిగా ఉందంటే అతనికో వరస ఉంది. ఆ వరస తప్పడు. ఒక్క పేజీయే ఆలస్యమా, అన్నీనా? ఒక్క మెషీన్‌లోనా, ఆరింట్లోనా? అది తేలాక, తెరిచి వదిలేసిన పేజీలు మూసేస్తాడు. బ్రౌజర్ తన కడుపులో దాచుకున్న పాత సరుకు ఖాళీ చేస్తాడు. ఎవరూ పిలవకుండా వచ్చి తగులుకున్న చిల్లర ప్రోగ్రాములు పీకేస్తాడు. అప్పటికీ కుదరకపోతే వేరే బ్రౌజర్‌లో చూస్తాడు. ఆ తర్వాతే తీగలు. ఆ తర్వాతే వీధిలోంచి వచ్చే లైను. ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. రెండు ఒకేసారి మారిస్తే ఏది బాగుచేసిందో తెలియదని అతని బాధ. పక్కన కూర్చున్నవాళ్ల తల ప్రాణం తోకకొచ్చేది. "పెన్షన్ కాగితం నింపుదామని వచ్చాను నాయనా. నువ్వు బాగుచేసేసరికి నాకు ఆ అవసరమే తీరిపోయేలా ఉంది" అని ఓ ముసలాయన సణిగితే, "అయితే తొందరేముంది?" అన్నాడు ఆర్విల్, తెర మీంచి చూపు తిప్పకుండా.

శనివారం పొద్దున మాత్రం అక్కడ ఎవరూ వేళాకోళాలాడరు. మూలనున్న ఆరో మెషీన్‌కి కెమెరా ఉంది. దాని చుట్టూ గ్లెన్నా ఇంట్లో కుట్టి తెచ్చిన కర్టెన్ ఉంది. జైలు ములాఖత్‌లు అందులోనే. ఈ కొండల్లో ఒక్కరైనా జైల్లో లేని ఇల్లు కావాలంటే వెతుక్కోవాలి. ఆడవాళ్ల జైలు రాష్ట్రానికి ఆ చివరన, కారులో ఐదున్నర గంటల దూరం. అందుకని అందరూ బ్రౌజర్‌లోనే చూసుకుని, బ్రౌజర్‌లోనే ఏడ్చి వెళ్తారు. ఇరవై నిమిషాలు ఇస్తారు. పేజీ తెరుచుకున్నా తెరుచుకోకపోయినా ఆ గడియారం ఆగదు.

ఆర్విల్ భార్య ఓమా రెండు వారాలకోసారి పదింబావుకి ఆ కర్టెన్ వెనక కూర్చునేది. అవతల కనబడేది వాళ్ల ఒక్కగానొక్క కూతురు ట్రెసా.

ఆర్విల్ పేజీ తెరిచి, ఓమా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, అవతల మనిషి కనబడకముందే కర్టెన్ బయటికి వచ్చేసేవాడు. ములాఖత్ జాబితాలో తన పేరుతోపాటు అతని పేరు కూడా ఓమా రాయించింది. కాగితం ముందు పెడితే సంతకం చేశాడు. కుర్చీలో మాత్రం ఒక్కరోజూ కూర్చోలేదు.

ఊరంతా అది కోపమనుకుంది. కోపం రావడానికి కారణాలు లేకపోలేదు. ట్రెసా వృద్ధాశ్రమంలో ముసలివాళ్లని ఎత్తి దించే పని చేసేది. అక్కడ నడుం పట్టేసింది. డాక్టరిచ్చిన మాత్రలు అలవాటైపోయాయి. అవి ఆగిపోయాక తండ్రి నడుంనొప్పి మాత్రలు సీసాలోంచి మాయమవసాగాయి. ఆ తర్వాత సూదులు. ఓ ఫిబ్రవరి పొద్దున వాకిట్లో ఆగిన ట్రక్కులో కూతురి పెదాలు నీలంగా కనబడితే ఆర్విల్ చెంపలు వాయించి, నోట్లో ఊపిరి ఊది, మళ్లీ బతికించుకున్నాడు. వారం తిరక్కుండా అదే ట్రక్కు సీటు కింద అమ్మకానికి తెచ్చిన మత్తుమందు సంచీ దొరికింది. గనిలో గ్యాస్ మీటరు ముల్లు పైకి లేస్తే ఆలోచిస్తూ నిలబడకూడదు. ముందు కరెంటు కట్ చెయ్యాలి, మిగతావన్నీ తర్వాత. ఆర్విల్ వంటింట్లోకి వెళ్లి షెరీఫ్‌కి ఫోన్ చేశాడు. జైల్లో ఉంటే ప్రాణంతోనైనా ఉంటుందనుకున్నాడు. కోర్టు ఎనిమిదేళ్లు వేసింది. బేడీలతో తీసుకెళ్తున్నప్పుడు ట్రెసా వెనక్కి తిరిగి చూసింది. ఆర్విల్ చేతిలో ఉన్న తన టోపీ వంక చూసుకున్నాడు.

అతనికున్నది కోపం కాదు, సిగ్గు. కన్నబిడ్డని తన నోటితో పట్టిచ్చిన మొహం ఆ బిడ్డకి ఎలా చూపించాలో అతనికి తెలియలేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఓమాతో కూడా అనలేదు. లోపలున్న మాట పైకి తేవడం ఆ మనిషికి చేతకాదు, అంతే.

లోపం మొదటిసారి మార్చి నెలలో వచ్చింది. ములాఖత్ మొదలై ఐదారు నిమిషాలైందేమో, కర్టెన్ లోపలి నుంచి ఓమా పిలిచింది.

"ఆర్విల్, ఇలా రా. దానికి నేను కనబడ్డం లేదట."

"నీకది కనబడుతోందా?"

"ఆఁ, కనబడుతోంది."

"మాటో?"

"నాకన్నీ బాగానే ఉన్నాయి. దానికే నా బొమ్మ ఆగిపోయిందట. నాన్నని పిలువు అంటోంది."

వెళ్లక తప్పలేదు, గడియారం నడుస్తోంది. ఆర్విల్ లోపలికి వెళ్లి, కళ్లు కూతురి బొమ్మ మీద పడకుండా తెర పైమూలనున్న అంకెల మీద పెట్టాడు. కెమెరాకి బ్రౌజర్ అనుమతి ఉందో లేదో చూశాడు. ఉంది. వంగి మెషీన్ వెనక తీగ పీకి మళ్లీ గుచ్చాడు. హెడ్‌ఫోన్ ఓమా చెవులకి ఉంది కాబట్టి అవతలి గొంతు అతనికి వినబడదు. ఏదైనా ఓమాయే అడిగి చెప్పాలి.

"ఇప్పుడో?"

"ఇంకా లేదట."

"ఇప్పుడు అడుగు."

"కాస్త ఇటు జరగమంటోంది నిన్ను... అదే, కెమెరాని."

జరిపాడు. నాలుగు నిమిషాలు పోయాక "వచ్చిందట" అంది ఓమా. ఆర్విల్ బయటపడి, చొక్కా చేత్తో చెమట తుడుచుకుని, తన పుస్తకంలో రాసుకున్నాడు. తేదీ, టైము, అవతలివైపు బొమ్మ ఆగింది, కారణం తెలియలేదు.

రెండు వారాలకి మళ్లీ ఆగింది. ఆ పై రెండు వారాలకి కూడా. ఎప్పుడూ ఓమా కూర్చున్నప్పుడే, ఎప్పుడూ అవతలివైపే. అదే మెషీన్‌లో పదిముప్పావుకి లూవీనా అనే ఆవిడ తన మనవరాలితో మాట్లాడేది. అదే జైలు, అదే లైను, అదే బ్రౌజర్. ఆవిడకి ఒక్కసారి కూడా ఆగలేదు. ఆర్విల్‌కి పిచ్చెక్కినట్టయింది. ఒక శనివారం పాత సరుకు ఖాళీ చేశాడు. ఇంకో శనివారం బ్రౌజర్ మార్చాడు. తర్వాత కెమెరా, తర్వాత తీగ, ఆ తర్వాత గోడలోని ప్లగ్గు. ఒకసారికి ఒక్కటే, తన వరస ప్రకారమే. ఆఖరికి ములాఖత్ టైములో మిగతా ఐదు కంప్యూటర్లూ ఆపేయించాడు. జనం గొణిగారు. లోపం మాత్రం అత్తగారింటికి వచ్చిన అల్లుడిలా టైముకి వచ్చి కూర్చునేది.

"నా మెషీన్‌కి నా పెళ్లామంటే పడదు" అన్నాడు గ్లెన్నాతో.

"మెషీన్లకి కూడా పగలుంటాయా ఆర్విల్ గారూ?"

"ఉండవు. కారణం ఉంటుంది. నాకు దొరకడం లేదు."

ములాఖత్‌లు నడిపే కంపెనీకి ఫోన్ చేశాడు. ముప్పావుగంట పాట వినిపించాక ఓ పిల్ల ఎత్తి, బ్రౌజర్‌లో పాత సరుకు తీసేసి కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టమంది.

"అమ్మాయ్, నువ్వు ఫోన్ ఎత్తకముందే ఆ రెండూ నాలుగుసార్లు చేశాను. అసలు సంగతి చెప్పు."

ఆ పిల్ల పాపం వెతికి చూసి చెప్పింది. వాళ్ల రికార్డుల్లో ఆ తేదీల్లో ఏ అంతరాయమూ లేదట. మొదటి రోజున ముప్పై సెకన్లు తప్పిస్తే బొమ్మ ఎక్కడా ఆగనే లేదట. ఆర్విల్‌కి ఒళ్లు మండిపోయింది. గనిలో గాలి ఆడటం లేదు మొర్రో అని కిందనుంచి ఫోన్ చేస్తే, పైన ఆఫీసులో కూర్చున్నవాళ్లు కూడా ఇలాగే, మా కాగితంలో ఫ్యాను తిరుగుతూనే ఉంది అనేవారు. ఆ కాగితాలు నమ్మి చచ్చినవాళ్లు అతనికి తెలుసు. కంపెనీ కాగితం ఒకటి చెప్తే, లోపల ఉన్న మనిషి ఇంకోటి చెప్తే, ఆర్విల్ ఎప్పుడూ లోపల ఉన్న మనిషినే నమ్మాడు. ఇప్పుడూ అదే చేశాడు.

ఓసారి విసిగిపోయి ఓమా మీద పడ్డాడు. "నువ్వే ఏదో నొక్కుతున్నావు."

"నొక్కానేమో" అంది ఓమా, చేతులు ఒళ్లో పెట్టుకుని.

అంత తేలిగ్గా తప్పు ఒప్పుకునే మనిషి కాదు ఓమా. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో మొక్కజొన్న రొట్టె మాడిన ప్రతిసారీ తప్పు పొయ్యిదే. ఆ ఒక్క మాట దగ్గర ఆర్విల్ ఆగి ఆలోచించి ఉండాల్సింది. అప్పటికే వంగి ప్లగ్గు చూస్తున్నాడు.

మరుసటి ఏడు ఆగస్టు చివర్లో జైలు నుంచి ఉత్తరం వచ్చింది. ట్రెసా గుండె కవాటాల్లోకి ఇన్ఫెక్షన్ పాకింది. పాత సూదులు పెట్టిపోయిన జబ్బు. జైల్లోనే ఆసుపత్రి వార్డుకి మార్చారు. బయటివాళ్లని ఆ వార్డులోకి రానివ్వరు. బిడ్డని ఇంటికి పంపమని ఓమా పెట్టిన దరఖాస్తుకి జవాబు లేదు. మిగిలింది ఆ బ్రౌజర్ ఒక్కటే. పైగా ట్రెసా ఎక్కువసేపు కూర్చోలేదని ఇరవై నిమిషాలు కాస్తా పదిహేను చేశారు.

పదిహేనులో నాలుగు నిమిషాలు తన చేతకానితనం వల్ల పోతున్నాయి. ఆ లెక్క ఆర్విల్‌ని తినేసింది. ఆ పిల్లకి తను చెయ్యగలిగిందల్లా తల్లి మొహం సరిగ్గా చూపించడం. అది కూడా చేతకాకపోతే తను తండ్రిగా ఎందుకు పనికొచ్చినట్టు?

ఓ మంగళవారం ఎవరికీ చెప్పకుండా నలభై మైళ్లు ట్రక్కు నడుపుకుంటూ బ్రాడ్‌ఫర్క్ వెళ్లాడు. అక్కడి కాలేజీ లైబ్రరీలో కొత్త లైను వేశారు. రెండు గంటలు కూర్చుని మెషీన్‌ని పరీక్షించాడు. పేజీలు ఇలా అనగానే అలా తెరుచుకున్నాయి. ఆ సాయంత్రం చిక్కుడు గింజల పులుసు ముందు కూర్చుని భార్యకి చెప్పాడు.

"వచ్చే ములాఖత్ నుంచి నువ్వు బ్రాడ్‌ఫర్క్ వెళ్తున్నావు. వర్డీ తీసుకెళ్తుంది, అడిగాను." వర్డీ ఓమాకి చెల్లెలు.

ఓమా చెంచా కింద పెట్టింది. "ఇక్కడికేమొచ్చింది?"

"ఏమొచ్చిందా? ఏడాదిన్నరగా చూడ్డం లేదూ ఏమొస్తోందో?"

"నాకిక్కడే బాగుంది. ఆగితే ఆగనీ."

"ఆగనీ ఏంటి ఓమా? దానికి మిగిలిందే కాస్త."

"అయితే నువ్వూ రా."

"శనివారం లైబ్రరీ ఎవరు చూస్తారు? అయినా అక్కడ వాళ్ల మనుషులున్నారు. నాకంటే చదువుకున్నోళ్లు."

"నువ్వు రావాలి ఆర్విల్."

"వచ్చి ఏం చెయ్యను? ఆ లైను ఆగదు. నా కళ్లతో చూసొచ్చాను."

ఓమా చాలాసేపు అతని మొహంలోకి చూసింది. పెదాలు కదిలాయి. లేచి, తినీతినని గిన్నె తీసుకెళ్లి కడిగేసింది. ఎందుకింత మొండికేస్తోందని ఆర్విల్ విసుక్కున్నాడు. కొత్తచోటంటే భయం కాబోలు అనుకున్నాడు.

ఆ శనివారం ఒంటిగంటకి వర్డీ కారు లైబ్రరీ ముందు ఆగింది. ఆర్విల్ మెట్ల మీదే నిలబడి ఉన్నాడు.

"ఎలా వచ్చింది?"

"అద్దంలా వచ్చింది."

"ఒక్కసారి కూడా ఆగలేదా?"

"లేదు."

"మరి పిల్ల ఏమంది?"

ఓమా కారు తలుపు పట్టుకుని నిలబడింది. "'బాగా కనబడుతున్నావమ్మా. అయితే నాన్న బాగుచేసేశాడన్నమాట' అంది."

ఆర్విల్ మొహం వెలిగిపోయింది. లోపలికెళ్లి పుస్తకం తెరిచి, ఏడాదిన్నర నాటి మొదటి రాత పక్కన సరిచేశానని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాడు. గ్లెన్నాని పిలిచి మరీ చూపించాడు. ఆ సాయంత్రం వాకిట్లో కట్టెలు కొడుతూ ఈల వేశాడు. అతను ఈల వేసి ఎన్నాళ్లయిందో. ఓమా వంటింటి కిటికీలోంచి విని, కిటికీ మూసేసింది.

తర్వాతి ములాఖత్ కూడా అద్దంలాగే వచ్చింది. ఆ తర్వాతిది రాలేదు. అక్టోబరులో ఓ గురువారం మధ్యాహ్నం జైలు పాస్టరు ఫోన్ చేశాడు. తెల్లవారుజామున నిద్రలోనే పోయిందని చెప్పాడు. ట్రెసాకి ముప్పై నాలుగేళ్లు.

శవపెట్టె మూసే వచ్చింది. శవపరీక్ష కోసం కోసిన ఒళ్లు, తెరవకపోవడమే మంచిదని తెచ్చినవాళ్లు చెప్పారు. స్టిడమ్‌ల సమాధులు కొండ మీద ఉంటాయి. వాన పడి దారంతా బురద. అతనితో గనిలో పనిచేసిన ఆరుగురు, బొగ్గు దుమ్ము తినగా మిగిలిన సగం ఊపిరితిత్తులతో రొప్పుతూ, ఆగి ఆగి పెట్టె మోశారు. ఆర్విల్ ఏడవలేదు. ప్రతి ఒక్కరి చెయ్యీ పట్టుకుని, వచ్చినందుకు సంతోషం అన్నాడు.

వచ్చినవాళ్లు తిండి తెచ్చారు, ఈ కొండల్లో అది మామూలే. నాలుగు రోజులకి జనం రావడం తగ్గింది. వంటింటి బల్ల నిండా ఊళ్లోవాళ్ల గిన్నెలు, ప్లేట్లు. ఏది ఎవరికి తిరిగిచ్చేయాలో తెలిసేలా అడుగున టేపు ముక్క మీద పేర్లు. పొద్దున్నే ఓమా వాటిని కడుగుతోంది, ఆర్విల్ గుడ్డతో తుడుస్తున్నాడు. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఊపిరాడేలా లేదు. అప్పుడన్నాడు.

"ఒక్కటి మాత్రం చెయ్యగలిగాను ఓమా. చివరి రెండుసార్లూ నిన్ను తేటగా చూసింది. ఆ ఒక్కటైనా చేశాను దానికి."

నీళ్లలో ఓమా చేతులు ఆగిపోయాయి.

"అలా అనకు."

"ఎందుకనకూడదు? ఆ ఒక్క ముక్కే కదా నాకు మిగిలింది."

"ఆర్విల్, ఆ బొమ్మ ఎప్పుడూ ఆగలేదు."

"ఏ బొమ్మ?"

"మన లైబ్రరీలో. మొట్టమొదటిరోజు ఓ అరనిమిషం ఆగింది, నిజమే. నువ్వు లోపలికొచ్చేసరికే బాగైపోయింది. ట్రెసా ఆ మాట చెప్పలేదు. నువ్వు వంగి వెతుక్కుంటున్నావు, అది చూస్తూ కూర్చుంది. రెండోసారి నుంచి అదే అంది నాతో. 'బొమ్మ ఆగిందని చెప్పమ్మా, నాన్న వస్తాడు' అని."

ఆర్విల్‌కి వెంటనే అర్థం కాలేదు. "తీగలన్నీ మార్చాను కదా" అన్నాడు.

"మార్చావు."

"కంపెనీవాళ్లతో పోట్లాడాను."

"తెలుసయ్యా."

చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే వచ్చేవాడివా?" ఓమా గొంతు పెరిగింది. "కోపంతో అటు తిరిగి నిలబడే మనిషివి. 'చెప్తే ఈ నాలుగు నిమిషాలు కూడా రాడమ్మా' అని నాచేత ఒట్టేయించుకుంది. నువ్వు బ్రాడ్‌ఫర్క్ అన్నరోజు నోటిదాకా వచ్చింది. ఇంకా కొన్ని శనివారాలుంటాయిలే, ఎలాగోలా వెనక్కి మన లైబ్రరీకే వద్దాంలే అనుకున్నాను. నా లెక్కా తప్పింది."

"కోపం..." అన్నాడు ఆర్విల్. "నాకు కోపమని చెప్పిందా అది?"

"మరేంటి? షెరీఫ్‌ని పిలిచినందుకు దానికి నీ మీద ఏమీ లేదు. పిలవకపోతే ఆ ట్రక్కులోనే పోయుండేదాన్నని తనే అంది. ఆ మాట నీకు చెప్పమన్నాను. 'నాన్న తనంతట తనే వచ్చి కూర్చున్నరోజు చెప్తాను' అంది. నీకే ఇంకా కోపం తగ్గలేదనుకుంది."

"నాకు దాని మీద కోపమెక్కడిది ఓమా? సిగ్గు. నా మొహం దానికి చూపించలేకపోయాను. పట్టిచ్చింది నేనే కదా. సిగ్గు, అంతే."

ఓమా కుళాయి కట్టేసింది. తడిచేత్తో అతని రొమ్ము మీద కొట్టింది. గట్టిగానే కొట్టింది. "ఆ ఒక్క ముక్క ఎవరితోనైనా అని ఉండొచ్చు కదయ్యా! నాతోనైనా అని ఉండొచ్చు కదా!" తర్వాత అక్కడే తల ఆనించి ఏడ్చింది. ఆర్విల్ ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. అప్పటికి గానీ అతనికి ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు.

చాలాసేపయ్యాక అడిగాడు. "నేను తీగలు చూస్తుంటే ఏం చేసేది?"

"ఏమీ మాట్లాడేది కాదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిన్నే చూసేది. నువ్వు 'ఇప్పుడో?' అన్నప్పుడల్లా నా వంక చూసి తల అడ్డంగా ఊపేది. ఇంకొక్క నిమిషం అని వేలు చూపించేది. నీ నడినెత్తిన జుట్టు ఊడిపోతోందని ఓసారి ఎంత నవ్విందో."

ఆర్విల్ కళ్లు మూసుకున్నాడు. అంకెలు గుర్తొచ్చాయి. అనుమతి అడిగే చిన్న పెట్టె, తీగ చివరనున్న నీలం ముక్క గుర్తొచ్చాయి. ఆ అంకెలకి జానెడు దూరంలో కూతురు కూర్చుని ఉంది. ఏడాదిన్నర పాటు ఉంది. జ్ఞాపకంలో ఎంత వెతికినా కోర్టు గదిలోని పిల్లే తప్ప ఆ పిల్ల కనబడలేదు.

"జడ ఎవరు వేసేవారు దానికి అక్కడ?" అన్నాడు. "అంత జుట్టు. ఒళ్లు బాగోలేనప్పుడు ఎలా వేసుకునేది?"

ఓమా తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"జడెక్కడిది ఆర్విల్? జైలుకెళ్లిన నెలకే మెడ దాకా కత్తిరించేసుకుంది."

ఆర్విల్ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు. "ఎలా ఉండేదో మొత్తం చెప్పు. మొహం దగ్గర్నుంచి చెప్పు."

ఓమా చేతులు తుడుచుకుని అతని ఎదురుగా కూర్చుంది.